కొలొనేడ్ అంటే ఏమిటి? మన గుళ్లలోని స్తంభాల మండపాలను అలా పిలవవచ్చా?

అడిగిన ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. రోమ్ గురించి చదువుతుంటే ఎదురైన ‘కొలొనేడ్’ అనే మాటకు అర్థం ఏమిటి, అది ఎక్కడ పుట్టింది, హనుమకొండ వేయిస్తంభాల గుడి లాంటివాటికి ఆ పేరు వర్తిస్తుందా అని. మొదటి రెండింటికి జవాబు చిన్నదే. మూడోది తేలాలంటే రాయి గురించీ దూలం గురించీ కొంత మాట్లాడుకోవాలి. ఇళ్లకు, ఫంక్షన్ హాళ్లకు నక్షాలు గీయడమే నా బతుకుదెరువు కాబట్టి ఆ కబుర్లు కాస్త ఎక్కువే ఉంటాయి.

సమానమైన ఎడంతో వరుసగా నిలబెట్టిన స్తంభాలు, వాటి తలల మీదుగా సాగే దూలం. ఈ రెండూ ఉంటే అది కొలొనేడ్. వెనక గోడ ఉన్నా లేకపోయినా ఒకటే. పైన కప్పు ఉండాలన్న నియమమూ లేదు. వరుస తిన్నగా సాగవచ్చు, వంపు తిరగవచ్చు, ఒకదాని వెనక ఒకటిగా రెండు మూడు వరుసలూ ఉండవచ్చు. దూలం స్థానంలో కమానులు వస్తే మాత్రం పేరు మారిపోతుంది, దాన్ని ఆర్కేడ్ అంటారు. హైదరాబాదు మక్కా మసీదు కమానుల వరుసను కొలొనేడ్ అని రాసేవాళ్లున్నారు. అది సరి కాదు. దూలం బరువు స్తంభం మీద నిట్టనిలువుగా దిగుతుంది, కమాను పక్కలకు కూడా నెడుతుంది. కట్టేవాడికి ఈ రెండూ పూర్తిగా వేరు లెక్కలు.

మాట లాటిన్‌లో పుట్టింది. స్తంభాన్ని లాటిన్‌లో ‘కొలుమ్నా’ అంటారు, ఎత్తుగా లేచి ఉండడమనే భావం దాని వెనక ఉంది. అది ఇటాలియన్‌లో ‘కొలొన్నా’ అయింది, స్తంభాల వరుస ‘కొలొన్నాతో’ అయింది. 17వ శతాబ్దంలో ఫ్రెంచివారు దాన్ని ‘కొలొనాద్’గా మలుచుకున్నారు. 18వ శతాబ్దం మొదట్లో ఇంగ్లిషులోకి వెళ్లి, అక్కడి నుంచి మన దాకా వచ్చింది. అదే కుదురు నుంచి వచ్చిన మాటలు మనకు కొత్తేమీ కాదు. పత్రికలో కాలమ్ ఉంది, సైన్యంలో కల్నల్ ఉన్నాడు. బారులు తీరి నడిచే దండును ఇటాలియన్లు ‘కొలొన్నా’ అనేవారు, దాని నాయకుడు ‘కొలొన్నెల్లో’. మన ‘స్తంభం’ దారి వేరు. కదలకుండా బిగిసి ఉండడం దాని మూలార్థం, ట్రాఫిక్ స్తంభించింది అన్నప్పుడు పలికేది ఆ ధాతువే.

విచిత్రమేమిటంటే, ఈ కట్టడానికి ఆద్యులని అందరూ చెప్పే గ్రీకులకు ఈ మాటే తెలియదు. ముందు స్తంభాలు, వెనక గోడ, పైన కప్పు ఉన్న పొడవాటి నడవను వాళ్లు ‘స్టోవా’ అనేవారు. ఏథెన్స్ అంగడి పక్కన గోడల నిండా చిత్రాలున్న ఒక స్టోవా కింద క్రీ.పూ. 300 ప్రాంతంలో జీనో అనే తత్వవేత్త పాఠాలు చెప్పేవాడు. ఆయన మార్గంలో నడిచినవాళ్లకు స్టోయిక్కులనే పేరు అలా వచ్చింది. కష్టానికీ సుఖానికీ చలించవద్దని బోధించిన దర్శనానికి పేరు పెట్టింది ఒక వరండా అన్నమాట.

ఇక పని చోటికి వస్తాను. మా వైపు ఒక ఫంక్షన్ హాలుకు నక్షా గీయమని పిలిచారు. యజమాని ఫోనులో ఫోటో చూపించి, “ముందు భాగంలో ఇలాంటి రోమన్ పిల్లర్లు రావాలండీ” అన్నారు. పెళ్లికొడుకు కారు ఆ పిల్లర్ల మధ్య నుంచి వచ్చి మెట్ల దగ్గర ఆగాలన్నది రెండో కోరిక. స్తంభం మందం అడుగున్నర, కారు కోసం మధ్యలో పన్నెండు అడుగుల ఎడం అడిగారు. కాంక్రీటు బీముకు పన్నెండు అడుగులు ఒక లెక్క కాదు, ఇనుప చువ్వలు ఆ బరువు చూసుకుంటాయి. కాని అలా గీసి చూపిస్తే యజమాని ముఖం వాడిపోయింది. ఫోటోలోని ఠీవి కాగితం మీద లేదు. పందిరి గుంజల్లా సన్నగా, ఎవరికి వారే అన్నట్లు నిలబడ్డాయి. “ఇంకో అరడుగు లావు చేయండి” అన్నారు. లావు చేసినా అదే తీరు.

ఈ చిక్కు రెండు వేల ఏళ్ల కిందటిది. క్రీ.పూ. మొదటి శతాబ్దపు రోమన్ వాస్తుకారుడు విట్రువియస్ తన గ్రంథంలో దేవాలయాలను స్తంభాల మధ్య ఎడాన్ని బట్టే ఐదు రకాలుగా విడదీశాడు. కొలత అడుగుల్లో కాదు, స్తంభం మందాన్నే కొలబద్దగా తీసుకున్నాడు. మందానికి ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు, రెండుంపావు రెట్లు, మూడు రెట్లు, అంతకు మించినది. ఒక్కొక్కదానికీ ఆయన చెప్పిన గుణదోషాలు చదువుతుంటే, మేస్త్రి పక్కన నిలబడి మాట్లాడుతున్నట్లే ఉంటుంది. ఒకటిన్నర రెట్ల ఎడంతో కడితే, దైవదర్శనానికి మెట్లెక్కి వచ్చే గృహిణులు ఒకరి చేయి ఒకరు పట్టుకుని స్తంభాల మధ్య నుంచి రాలేరట, ఒకరి వెనక ఒకరు రావలసిందేనట. పైగా గుడి తలుపులు బయటికి కనిపించవు. మూడు రెట్లకు వెళితే రాతి దూలాలు విరుగుతాయి. అంతకంటే దూరం జరిపితే రాయి మాట మరచిపోయి కలప దూలాలు వేసుకోవాలి, చూడటానికి గుడి చతికిలబడినట్లు కనిపిస్తుంది. ఆయనకు నచ్చినది రెండుంపావు రెట్ల ఎడం, అదీ నట్టనడిమి ఖాళీని మాత్రం మూడు రెట్లకు పెంచి. అందానికీ, వాడకానికీ, బలానికీ అదే కుదురుతుందన్నాడు.

మా ఫంక్షన్ హాలు ఎడం ఎనిమిది రెట్లు. ఇక సన్నగా కనిపించక ఏం చేస్తుంది? దీనికీ ఆయన దగ్గర జవాబుంది. స్తంభాల చుట్టూ ఖాళీ ఎక్కువైతే గాలి స్తంభాన్ని కొరికినట్లై మందం తగ్గి కనిపిస్తుంది కాబట్టి ఎడం పెరిగేకొద్దీ స్తంభం లావు కూడా పెంచాలంటాడు. మూలల్లో ఉన్నవాటి చుట్టూ ఆకాశమే ఉంటుంది కనుక వాటిని మిగతావాటికంటే యాభయ్యో వంతు మందంగా చెక్కమంటాడు. యాభయ్యో వంతంటే మా అడుగున్నర స్తంభానికి అంగుళంలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. ప్లాస్టరింగులో కలిసిపోయే తేడా. దాని కోసం కూడా లెక్క రాసిపెట్టారు.

నన్నడిగితే ఈ మాట సారమంతా ఇక్కడే ఉంది. జనం స్తంభాన్ని చూస్తారు, దాని తల మీద ఆకులున్నాయా, చుట్టలున్నాయా అని చూస్తారు. వరుసకు ప్రాణం పోసేది మాత్రం మధ్యనున్న ఎడం. ఆ ఎడాన్ని నిర్ణయించినది చాలాకాలం పాటు అందం కాదు, పైనున్న దూలం. రాయి నొక్కుడును ఎంతైనా తట్టుకుంటుంది, సాగదీస్తే మాత్రం పగులుతుంది. రెండు స్తంభాల మీద రాతి దూలం పెట్టినప్పుడు దాని పైభాగం నొక్కుకుంటుంది, అడుగుభాగం సాగుతుంది. పగులు పుట్టేది ఆ అడుగున. ఎడం రెట్టింపైతే దూలం సొంత బరువు వల్ల కలిగే వంపు తాకిడి నాలుగు రెట్లవుతుంది. అందుకే రాతి కట్టడాల్లో స్తంభాలు దగ్గర దగ్గరగా గుమిగూడతాయి.

ఈజిప్టులో కర్నాక్ మహామండపం చూడండి. 16 వరుసల్లో 134 స్తంభాలు, మధ్యలోని 12 దాదాపు 21 మీటర్ల ఎత్తు. ఇంత చేసీ లోపల మనిషి నిలబడితే ఎటు చూసినా స్తంభమే అడ్డం వస్తుంది. కప్పు రాతిది మరి. ఇరాన్‌లోని పర్సెపొలిస్‌లో అపదానా సభామందిరానికి 72 స్తంభాలుండేవి, ఇప్పుడు 13 నిలిచి ఉన్నాయి. అవి దాదాపు 20 మీటర్ల పొడవున్నా సన్నగా ఉంటాయి, మధ్య ఎడం 8 మీటర్లకు పైనే. అంత తీరుబడి ఎలా సాధ్యమైందంటే, అక్కడి దూలాలు దేవదారువి. కప్పు కాలిపోయి రెండు వేల ఏళ్లు దాటినా, మిగిలిన స్తంభాల మధ్య దూరం చూసి అది కలప కప్పేనని చెప్పవచ్చు.

ఫంక్షన్ హాలు గొడవ ఎలా తీరిందో చెప్పాలి కదా. ఆ దారి చూపించింది పారిస్. అంతకంటే ముందు రోమ్ గురించి చెబితే గానీ ఆ కథ అర్థం కాదు.

వాటికన్‌లో సెయింట్ పీటర్స్ చర్చి ముందున్న అండాకారపు ఆవరణను రెండు వైపుల నుంచి చుట్టి ఉండేదే ప్రపంచంలో అందరికీ తెలిసిన కొలొనేడ్. పోప్ ఏడవ అలెగ్జాండర్ కోరిక మీద శిల్పి, వాస్తుకారుడు జాన్ లొరెంజో బెర్నీనీ 1656లో మొదలుపెట్టి 1667 నాటికి పూర్తి చేశాడు. 284 స్తంభాలు, నాలుగు వరుసలు, పైన కట్టు మీద 140 మంది సాధువుల విగ్రహాలు. నాలుగు వరుసల మధ్య మూడు నడవలు ఏర్పడతాయి, నడిమి నడవలో బండ్లు కూడా పోగలిగేంత చోటుంది. టివోలి గనుల నుంచి తెచ్చిన ట్రావర్టీన్ రాయి. దగ్గరికి వెళ్లి చేయి పెడితే నునుపు ఉండదు, ఒళ్లంతా చిన్న చిన్న గుంటలు. రాయి ఏర్పడినప్పుడు గాలి బుడగలు వదిలిన గుర్తులవి. మన నల్లరాయి మెరుపుకు అలవాటు పడ్డ చేతికి అది మొదట నాసిరకంగా తోస్తుంది.

మేము వెళ్లింది టూరు బస్సులో. గైడు అందరినీ చర్చి వైపు తోలుతుంటే నేను వెనకబడి, నడిమి రాతి స్తంభానికీ ఫౌంటెనుకూ మధ్య నేలలో పొదిగిన గుండ్రటి రాయి కోసం వెతికాను. దాని మీద కొలొనేడ్ కేంద్రమని చెక్కి ఉంటుంది. అక్కడ నిలబడి చూస్తే వెనకున్న మూడు వరుసలూ మొదటి వరుస వెనక దాక్కుంటాయి. నాలుగు వరుసల అడవి ఒకే ఒక్క పలుచని వరుసగా మారిపోతుంది. ఒక్క అడుగు పక్కకు వేశానో లేదో, ప్రతి స్తంభం వెనక నుంచి ఇంకో అంచు తొంగి చూసింది, ఇంకో అడుగుకు అంతా చిక్కుపడిపోయింది. వృత్తం కేంద్రం నుంచి గీసిన గీతల మీద స్తంభాలన్నీ నిలబెట్టాడు కాబట్టి ఇలా జరుగుతుంది. గీతలైతే మేమూ గీస్తాం. అసలు తెలివి మందంలో ఉంది. కేంద్రం నుంచి దూరం పోయేకొద్దీ గీతల మధ్య చోటు వెడల్పవుతుంది. స్తంభాలన్నీ ఒకే మందంలో ఉంటే బయటి వరుస పలుచబడి కనిపించేది. అందుకని లోపలి వరుస నుంచి బయటి వరుసకు పోతుంటే స్తంభాల మందం కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయాడు. ఎడం పెరిగేకొద్దీ లావు పెంచాలన్న విట్రువియస్ మాటనే వరుస వరుసకూ పాటించి, ఎడాన్ని బట్టి స్తంభాన్ని నిర్ణయించాడు.

ఈ పని సాగుతుండగానే ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ లూవ్ర్ రాజభవనం తూర్పు ముఖం కట్టమని బెర్నీనీని పారిస్ పిలిపించాడు. 1665లో రాజలాంఛనాలతో వెళ్లాడు, నక్షా ఇచ్చాడు, పునాదిరాయి కూడా పడింది. ఆయన రోమ్ తిరిగి వెళ్లాక ఆ నక్షా అటకెక్కింది. దాని బదులు లె వో, లె బ్రన్, క్లోద్ పెరో అనే ముగ్గురి సంఘం చేసిన నమూనా ప్రకారం 1667లో పని మొదలైంది. వీరిలో పెరో వృత్తిరీత్యా వైద్యుడు, విట్రువియస్‌ను ఫ్రెంచిలోకి అనువదించినవాడు కూడా. రోమ్‌లో అంతటి స్తంభాల వరుస నిలబెట్టినవాడిని కాదని పారిస్‌లో కట్టింది మరో స్తంభాల వరుసనే! ఇప్పటికీ ఆ ముఖభాగాన్ని లూవ్ర్ కొలొనేడ్ అనే పిలుస్తారు.

అందులో స్తంభాలు జంటలుగా ఉంటాయి. రెండు దగ్గరగా, తరవాత పెద్ద ఖాళీ, మళ్లీ రెండు. పాత సూత్రాలను నమ్మినవాళ్లు దీన్ని తప్పుపట్టారు, పెరో ఇది ఆరో రకం అని సమర్థించుకున్నాడు. జంట వల్ల కంటికి నిండుదనం వస్తుంది, ఖాళీ వల్ల వెలుతురు వస్తుంది. అంత వెడల్పును రాయి మోయలేదు కనుక దూలం రాళ్ల లోపల ఇనుప కడ్డీలు దాచారు. రాయి సాగలేని చోట ఇనుము సాగుతుంది. ఇప్పుడు మేము వేసే ఆర్.సి.సి. బీములోనూ చువ్వలు చేసే పని అదే.

నేను యజమానికి ఇదే గీసి ఇచ్చాను. అడుగున్నర స్తంభాలు రెండేసి దగ్గరగా, మధ్యలో కారుకు పన్నెండు అడుగులు. వెంటనే ఒప్పుకున్నారు. స్తంభాల మీద నిలువు గాళ్లు కూడా కావాలన్నారు, మేస్త్రి చెక్క అచ్చు చేయించి పచ్చి ప్లాస్టరు మీద లాగాడు, చక్కగా వచ్చాయి. రెండు పెళ్లిళ్ల సీజన్లు తిరిగేసరికి నడుము ఎత్తు వరకు గాళ్ల అంచులన్నీ పెచ్చులూడాయి. కేటరింగు వాళ్ల గుండిగలు, కుర్చీల దొంతరలు, డెకరేషన్ వాళ్ల ఇనుప స్టాండ్లు అన్నీ ఆ దారినే పోతాయి మరి. ఏథెన్స్‌లో అట్టాలస్ స్టోవా ఉంది. పెర్గమాన్ రాజు రెండో అట్టాలస్ క్రీ.పూ. రెండో శతాబ్దంలో నగరానికి కట్టించి ఇచ్చిన అంగడి అది. 1950లలో పాత పునాదుల మీద మళ్లీ కట్టారు. దాని కింది అంతస్తు ముందు వరుసలో స్తంభాల అడుగుభాగం గాళ్లు లేకుండా వదిలేశారు, గాళ్లు పైన మొదలవుతాయి. సరుకుల మూటలతో జనం రాసుకుంటూ తిరిగే చోట అంచులు నిలవవని వాళ్లకు తెలుసు. మా మేస్త్రికి ఆ ఫోటో పంపించాను. మరమ్మతుల్లో నాలుగడుగుల వరకు నున్నగా పూసేశాడు.

పక్క మాటలు త్వరగా ముగిస్తాను. ద్వారం ముందుకు పొడుచుకువచ్చి, స్తంభాల మీద నిలిచే భాగం పోర్టికో. మన ఇళ్లలో కారు పెట్టుకునే చోటును పోర్టికో అంటాం, ఆ పేరు దీని నుంచి జారినదే. అసలైన పోర్టికో చూడాలంటే హైదరాబాదు కోఠీలో పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనం ఉంది, మహిళా కళాశాలగా చాలామందికి తెలిసినదే. నిజాం దర్బారులో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న కిర్క్‌పాట్రిక్ హయాంలో 1803 ప్రాంతంలో మొదలైన ఆ కట్టడం ముందు, తల మీద ఆకులు చెక్కిన కొరింథియన్ తరహా భారీ స్తంభాలు ఆరున్నాయి. వరుసే అయినా దాన్ని కొలొనేడ్ అనరు, ద్వారానికి ముఖం కావడమే దాని పని.

స్తంభాల వరుస ఒక ముంగిలిని నాలుగు వైపులా చుట్టివస్తే పెరిస్టైల్. పాత రోమన్ నగరం పాంపేయి ఇళ్లలో తోట చుట్టూ కనిపిస్తుంది. ఇది చదవగానే గోదావరి జిల్లాల మండువా లోగిలి గుర్తుకు రాకపోతే ఆశ్చర్యం. నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, చుట్టూ చెక్క స్తంభాలు, లోపలికి వాలిన పెంకుల కప్పు, వానొస్తే నాలుగు చూరుల నీళ్లూ ఒకే చోట. రోమన్ ఇంటి ముందు భాగంలోనూ కప్పు ఇలాగే లోపలికి వాలి, నీళ్లు నడిమి తొట్టిలోకి దిగేవి. ఒకరిని చూసి ఒకరు కట్టారని నేననను. ఎండా వానా ఉన్న చోట కలిగినవాళ్ల ఇల్లు అలా తయారవుతుంది.

ఇప్పుడు మూడో ప్రశ్న. హనుమకొండలో రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడి మండపం కొలొనేడ్ కాదు. అక్కడ స్తంభాలు వరుస కట్టడానికి నిలబడలేదు, కప్పు మోయడానికి చదరంగా, గళ్లు గళ్లుగా నిలబడ్డాయి. ఇటువంటి స్తంభాల మందిరాన్ని హైపోస్టైల్ హాలు అంటారు, కర్నాక్‌దీ అదే జాతి. మనవాళ్లు రాతి దూలం చిక్కును ఇంకో ఉపాయంతో తగ్గించారు. స్తంభం తల మీద నాలుగు వైపులా చాచి ఉండే రాతి బోదిక పెట్టారు. దూలం స్తంభం అంచు దగ్గర కాక బోదిక కొన మీద ఆనుతుంది, కాబట్టి అది దాటవలసిన ఖాళీ అటు కొంత ఇటు కొంత తగ్గుతుంది. లేపాక్షిలో పూర్తికాని కల్యాణమండపానికి వెళ్లండి. పైన కప్పు లేదు కనుక స్తంభాల తలలు ఎండలో స్పష్టంగా కనిపిస్తాయి, మామూలు మండపంలో చీకట్లో కలిసిపోయే పనితనం అక్కడ తీరిగ్గా చూడవచ్చు.

ఆ పేరు నిజంగా తగినది మన దేశపు గుళ్లలో రామేశ్వరం బయటి ప్రాకారం. కాశీ వెళ్లి వచ్చి గంగ తీసుకెళ్లిన ప్రతి తెలుగు కుటుంబమూ నడిచిన నడవే. ఎత్తైన అరుగుల మీద రెండు వైపులా స్తంభాలు, మొత్తం 1,212 అని లెక్క చెబుతారు. దూరానికి పోయేకొద్దీ రెండు వరుసలూ ఒక బిందువు దగ్గర కలుసుకున్నట్లుంటాయి. ఇక్కడ వరుసే కట్టడం. స్తంభాలు తీసేస్తే మిగిలేది ఏమీ లేదు.

గుడి కానిది కావాలంటే ఢిల్లీ పాత పార్లమెంటు భవనం, ఇప్పటి సంవిధాన్ సదన్. పాత యాభై రూపాయల నోటు వెనక గుండ్రంగా కనిపించేది అదే. లట్యెన్స్, బేకర్ల నమూనా, 1927లో ప్రారంభమైంది. మొదటి అంతస్తు వరండా చుట్టూ 27 అడుగుల ఎత్తున 144 ఇసుకరాతి స్తంభాలున్నాయి. మధ్యప్రదేశ్‌లో మితావలి చౌసఠ్ యోగినీ ఆలయాన్ని చూసి కట్టారన్న మాట బాగా ప్రచారంలో ఉంది. రెండూ గుండ్రమే, పోలిక కంటికి కనిపిస్తుంది. కాని మితావలిలో స్తంభాలు లోపలి ముంగిలి వైపు తిరిగి ఉంటాయి, బయట ఉన్నది గోడ. ఢిల్లీలో స్తంభాలు వీధి వైపు తిరిగి ఉంటాయి. గీసేవాడి దృష్టిలో అవి ఎదురెదురు నమూనాలు, నేనైతే ఆ ప్రచారాన్ని నమ్మను.